ఆటోఫోకసర్: మోటారు సంగతి సరే, ఆ గీతే అసలు సరుకు

టెలిస్కోప్‌కి, వెనకున్న కెమెరాను అటూ ఇటూ జరిపి ఫోకస్ కుదిర్చే ఆటోఫోకస్ మోటారు బిగించాక కొన్ని చలికాలాలు గడిచాయి. బరువెంత, స్టెప్పు ఎన్ని మైక్రాన్లు, ఏ కేబుల్ తగిలించాలి అన్నవన్నీ అమ్మేవాళ్ల పేజీలోనే ఉంటాయి, వాటి జోలికి పోను. నాకు ఈ డబ్బాలో నచ్చింది ఒక్కటే: ఫోకస్ వెతికిన ప్రతిసారీ అది తెర మీద గీసి చూపించే గీత. మోటారుకు పెట్టిన డబ్బులో సగం ఆ గీతకే చెల్లించాననుకుంటాను, దాని మీద నాకు అంత ఇష్టం.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఫోకస్ తప్పితే నక్షత్రం ఉబ్బుతుంది. దాని వెలుతురులో సగం ఎంత వ్యాసార్థంలో ఇమిడిందో సాఫ్ట్‌వేర్ కొలుస్తుంది, ఆ కొలతను హెచ్‌ఎఫ్‌ఆర్ అంటారు. మోటారు మొదట కెమెరాను బాగా బయటికి తోసేసి, అక్కడి నుంచి కొంచెం కొంచెంగా లోపలికి లాగుతూ ఒక్కో చోట ఒక్కో ఫొటో తీయిస్తుంది. ఫొటోలోని నక్షత్రాలన్నిటి హెచ్‌ఎఫ్‌ఆర్ సగటు తీసి గ్రాఫ్‌లో చుక్క పెడుతుంది. చుక్కలు కిందికి దిగుతాయి, అడుగు తాకుతాయి, మళ్లీ పైకెక్కుతాయి.

ఫోకస్ దగ్గరలోనే సన్నసన్నగా వెతక్కుండా అంత దూరం పోయి రావడమెందుకని మొదట్లో అనిపించేది. కారణం తెలిశాక దాని మీద గౌరవం పెరిగింది. అడుగున గీత దాదాపు చదును. గాలి కదలిక వల్ల నక్షత్రం సైజు ఫొటోఫొటోకీ మారుతూనే ఉంటుంది, కాబట్టి అడుగున ఉండే కాస్త తేడా ఆ కదలికలో కొట్టుకుపోతుంది. పక్క గోడల మీద అలా కాదు. లెన్సు నుంచి వచ్చే కాంతి శంకువులా ఉంటుంది గనక, ఫోకస్‌కి ఎంత దూరం జరిగితే నక్షత్రం అంత నిష్పత్తిలో లావెక్కుతుంది. రెండు గోడల వాలూ పట్టుకుంటే అడుగు ఎక్కడుండాలో లెక్కలో తేలిపోతుంది. గోడలు తిన్నగా, అడుగు గుండ్రంగా ఉండే ఈ ఆకారానికి హైపర్బోలా సరిగ్గా అతుకుతుంది. నేను వాడే నీనా అనే ఉచిత సాఫ్ట్‌వేర్ దాన్నే గీస్తుంది. ఫోకస్ ఎక్కడుందో తెలియాలంటే ఫోకస్ లేని చోట్లకు పోయి చూడాలన్నమాట. ఇది నాకు ఇప్పటికీ ముచ్చటగానే ఉంటుంది.

ఇంత హడావిడి అవసరమా అంటే, నా సామాను లెక్క ఇది. 80 మి.మీ. రిఫ్రాక్టర్ (లెన్సుల టెలిస్కోప్), రెడ్యూసర్ (ఫోకల్ దూరం తగ్గించే లెన్సు) పెడితే ఎఫ్/4.8, అంటే ఫోకల్ దూరం లెన్సు వ్యాసానికి 4.8 రెట్లు. ఎఫ్ నంబరు వర్గాన్ని కాంతి తరంగదైర్ఘ్యంతోనూ, 4.88తోనూ గుణిస్తే ఫోకస్ నిలిచే మందం వస్తుంది. ఆకుపచ్చ కాంతికి నా గొట్టంలో అది 60 మైక్రాన్ల పైచిలుకు, తలవెంట్రుకంత. అల్యూమినియం డిగ్రీ చలికి మీటరుకు 23 మైక్రాన్లు కుంచించుకుంటుంది. నా గొట్టం 40 సెం.మీ. ఉంటుంది. నేను ఫొటోలు తీసేది అచ్చంపేట పక్కన మా బావమరిది పొలంలో. జనవరిలో అక్కడ సాయంత్రం ఏడింటికి 25 డిగ్రీలుంటే తెల్లారుజాముకు 13కి దిగుతుంది. అంటే గొట్టం ఒక్కటే 110 మైక్రాన్లు పొట్టిదవుతుంది. లెన్సుల వక్రీభవనం మారడం దీనికి అదనం. ఏడింటికి ఎంత ప్రాణం పెట్టి ఫోకస్ చేసినా అర్ధరాత్రికి నక్షత్రాలు ఉబ్బి కూర్చుంటాయి.

బాటినోవ్ మాస్క్‌తో (టెలిస్కోప్ మూతికి తగిలించే చీలికల మూత, నక్షత్రాన్ని మూడు గీతలుగా చూపిస్తుంది) ఈ పని చేయలేమా అంటే, చక్కగా చేయొచ్చు. మూడు గీతల్లో నడిమిది మధ్యకొస్తే అయిపోయినట్టే. కాకపోతే గంటగంటకీ లేచి, కాంతివంతమైన నక్షత్రం దగ్గరికి టెలిస్కోప్ తిప్పి, మాస్క్ పెట్టి, తీసి, మళ్లీ పాత చోటికి రావాలి. మాస్క్ తీయడం మరిచి తెల్లార్లూ అలాగే ఫొటోలు తీసినవాళ్లు నాకు తెలుసు. మోటారు వచ్చాక ఒక డిగ్రీ పడితే దానంతట అదే మళ్లీ వెతుక్కోమని చెప్పి, మంచం వాల్చుకుని పడుకుంటున్నాను.

మా బావమరిదికి మాత్రం ఇది ఎక్కలేదు. "బావా, నా ఫోను ముట్టుకుంటే చాలు ఫోకస్ అయితది. గింత పైసలు పెట్టినవ్, నీదేంది మూడు నిమిషాలు ఆలోచిస్తది?" అంటాడు. అడగాల్సిన ప్రశ్నే. ఫోను సెన్సర్‌లో కొన్ని పిక్సెళ్లు లెన్సు రెండు పక్కల నుంచి వచ్చే వెలుతురును విడివిడిగా చూసి, ఎటు ఎంత జరగాలో ఒక్క చూపులోనే చెప్పేస్తాయి. 1985లో మినోల్టా 7000 వచ్చినప్పటి నుంచి మామూలు ఎస్సెల్లార్ కెమెరాలు చేసేది కూడా పక్కల తేడా చూడడమే. ఆకాశం ఫొటోల కెమెరాల్లో ఆ ఏర్పాటు ఉండదు. అటూ ఇటూ జరిగి చూస్తే తప్ప ఎటు పోవాలో దానికి తెలియదు. ఇదంతా చెప్తే "ఓహో" అని నిద్రపోయాడు.

ఇక అసలు కథ. ఒక జనవరి రాత్రి హైడ్రోజన్ ఫిల్టర్ (హైడ్రోజన్ వెలుతురును మాత్రమే వదిలేది) పెట్టి రోజెట్ నెబ్యులా అనే వాయుమేఘం మీద కూర్చున్నాను. సాయంత్రం తూర్పున ఉన్నప్పుడు గీతలు పాఠ్యపుస్తకంలో బొమ్మల్లా వచ్చాయి. పదకొండు దాటాక, అది దాదాపు నడినెత్తికి చేరినప్పుడు, తంతు మారింది. చుక్కలు జారుగా దిగడం మానేసి మెట్లలా దిగడం మొదలుపెట్టాయి. పక్కపక్కనే రెండు చుక్కలు ఒకే ఎత్తులో ఉంటాయి, తర్వాత ధబీమని ఒక దిగుడు, మళ్లీ రెండు ఒకే ఎత్తులో. సాఫ్ట్‌వేర్ ఆ మెట్ల మీదే హైపర్బోలా సాగదీసి, అతుకు 0.9 పైనే (1 అయితే పూర్తిగా అతికినట్టు) కుదిరిందని ఆకుపచ్చ టిక్కు పెట్టి ముందుకు పోయింది. ఫొటోలో నక్షత్రాలు మాత్రం పిండి ముద్దల్లా ఉన్నాయి.

గాలి బాగోలేదేమో అనుకోవచ్చు. గాలి పాడైతే చుక్కలు చెల్లాచెదురుగా పడతాయి గానీ ఇలా జతలుజతలుగా రావు. పల్చటి మబ్బు అడ్డొస్తే లెక్కకొచ్చే నక్షత్రాల సంఖ్య పడిపోతుంది, ఇక్కడ ఆ సంఖ్య అలాగే ఉంది. రెండు చుక్కలు ఒకే ఎత్తులో ఉన్నాయంటే ఆ రెండు ఫొటోల మధ్య కెమెరా కదల్లేదనే అర్థం. మోటారు తిరిగింది, స్టెప్పుల అంకె మారింది, కెమెరాను మోసే ఫోకసర్ గొట్టం మాత్రం ఉన్నచోటే ఉంది.

ఇంకో ఆనవాలూ దొరికింది. చలి పెరిగేకొద్దీ టెలిస్కోప్ గొట్టం పొట్టిదవుతుంది, కాబట్టి కెమెరా బయటికి జరగాలి, ఫోకస్ అంకె రాత్రంతా పెరుగుతూ పోవాలి. పాత రాత్రుల లాగ్ తీస్తే అన్నిట్లోనూ అలాగే ఉంది. ఆ రాత్రి పదకొండు నుంచి అంకె తగ్గుతూ వచ్చింది. లోపలికి లాగమన్నప్పుడల్లా మోటారు తిరుగుతోంది గానీ ఫోకసర్ గొట్టం పూర్తిగా వెంట రావడం లేదు. టెలిస్కోప్ నిటారుగా నిలబడితే కెమెరా, ఫిల్టర్ చక్రం, రెడ్యూసర్ కలిసి కిలోన్నర బరువు కిందికి వేలాడుతుంది. లోపలికి లాగడమంటే ఆ బరువంతా పైకెత్తడమే. బయటికి తోయడానికి ఏ కష్టమూ లేదు, బరువే సాయం చేస్తుంది. అటు జారదు, ఇటే జారుతుంది. మూడు గంటల వేళ రోజెట్ పడమటికి వాలి టెలిస్కోప్ ఏటవాలైనప్పుడు గీత మళ్లీ బుద్ధిగా వచ్చింది. దాంతో అనుమానం తీరిపోయింది.

జారుతున్నది మోటారు ఇరుసునీ ఫోకసర్ ఇరుసునీ కలిపే కప్లర్ దగ్గర. మోటారు ఇరుసుకు ఒక పక్క చదును ఉంది, గ్రబ్ స్క్రూ (తల లేని చిన్న మర) దాని మీద కూర్చుంటుంది. ఫోకసర్ ఇరుసు నున్నగా గుండ్రం. దాని మీద చిన్న గ్రబ్ స్క్రూ మొన ఎంతసేపని పట్టుకుంటుంది? ఎలెన్ కీతో బిగిస్తే ఆ రాత్రికి ఆగింది, తర్వాత మళ్లీ మొదలు. అమ్మినవాళ్లకు గ్రాఫులతో సహా రాస్తే ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేయమన్నారు. గుండ్రటి ఇనుప కడ్డీకి ఫర్మ్‌వేర్ ఏమిటో ఇప్పటికీ నాకు బోధపడలేదు. చివరికి బాలానగర్‌లో ఒక లేత్ మిషన్ ఆయన దగ్గరికి పట్టుకెళ్తే, ఫోకసర్ ఇరుసుకు ఒక పక్క చదును కొట్టి, స్క్రూ పొడుచుకునే కప్లర్ బదులు చుట్టూ పట్టి బిగించే రకం చేసిచ్చాడు. "ఇది ముందే ఇట్ల ఉండాలె గద సార్" అన్నాడు. ఆ మాట రాయాల్సింది అమ్మినవాళ్లు. ఆ తర్వాత ఇంతవరకూ మెట్లు కనబడలేదు.

నా కోపమంతా ఇక్కడే. మోటారు తాను ఎన్ని స్టెప్పులు తిరిగిందో లెక్కపెట్టుకుంటుంది, ఫోకసర్ గొట్టం నిజంగా ఎక్కడుందో దానికి తెలియదు. అయినా తెర మీద ఆ అంకెను మహా నమ్మకంగా చూపిస్తుంది. గీత లేకుండా అంకె ఒక్కటే ఉండి ఉంటే, నేను తప్పంతా ఆకాశానిదే అనుకుని ఊరుకునేవాణ్ణి.

పడుకోవచ్చు అన్నాను కదా. కొత్త చోట, కొత్త ఫిల్టర్‌తో అయితే మొదటి రెండు గీతలు చూసే పడుకుంటున్నాను. టెలిస్కోప్ నడినెత్తికి వచ్చే వేళకు అలారం కూడా పెట్టుకుంటున్నాను. మూడు నిమిషాలన్నది కూడా ఫిల్టర్ లేనప్పటి మాట. హైడ్రోజన్ ఫిల్టర్‌లో నక్షత్రాలు తక్కువ, ఒక్కో ఫొటోకీ ఎక్కువసేపు పట్టాలి, పని రెట్టింపు అవుతుంది. అందుకే ఇప్పుడు మామూలు ఫిల్టర్‌లో వెతికించి, రెండు ఫిల్టర్ల ఫోకస్‌కీ మధ్య తేడాను స్టెప్పుల్లో కలిపిస్తున్నాను. ఆ తేడా ఎంతో ఒకసారి ఓపిగ్గా కొలుచుకోవాలి.

ఉష్ణోగ్రతను బట్టి తనంతట తానే సరిదిద్దుకునే సదుపాయం గురించి మొదట్లో అందరికీ గొప్పగా చెప్పేవాణ్ణి. ఇప్పుడు అది ఆపేసి ఉంచాను. సెన్సర్ మోటారు డబ్బాలోనే ఉండడంతో మోటారు వేడి కూడా దానికి తగులుతుంది. సాయంత్రం ఆన్ చేసిన తొలి గంటలో టెలిస్కోప్ గొట్టం చల్లబడుతుంటే డబ్బా వేడెక్కుతుంటుంది. వైరు చివర ఉండే విడి సెన్సర్ కొని గొట్టానికి అంటించాక పరవాలేదు. అయినా దాన్ని "ఇప్పుడు వెతుకు" అని గుర్తుచేసేందుకే వాడుతున్నాను, లెక్క కట్టి జరపనివ్వడం లేదు.

చుక్కకూ చుక్కకూ మధ్య ఎన్ని స్టెప్పులు జరపాలని చాలామంది అడుగుతారు. నా అనుభవంలో, చివరి చుక్కల హెచ్‌ఎఫ్‌ఆర్ అడుగున ఉన్నదానికి మూడు రెట్లు అయ్యేలా చూసుకుంటే చాలు. మరీ దూరం పోతే చిన్న నక్షత్రాలు కరిగిపోయి లెక్కకు దొరకవు, పెద్దవే మిగిలి గోడలు వంగిపోతాయి. మరీ దగ్గరగా ఉంటే అంతా అడుగే, గోడలే ఉండవు.

కొనాలా అంటే, నా పరిస్థితిలోనైతే కొనాల్సిందే. ఎఫ్ నంబరు చిన్నది, రాత్రికి పన్నెండు డిగ్రీలు పడే పొలం, ఉదయం ఆఫీసుకు పోవాల్సిన మనిషిని. ఎఫ్/10 టెలిస్కోప్ ఉన్నవాళ్లకు ఫోకస్ మందం పావు మిల్లీమీటరు పైనే వస్తుంది, రాత్రికి ఒకట్రెండుసార్లు మాస్క్ పెట్టుకున్నా గడిచిపోతుంది. గురుడు, శని ఫొటోలు తీసేవాళ్లకు ఈ నక్షత్రాల గీతతో పెద్దగా పని లేదు, చేత్తో తాకకుండా తిప్పడానికి బటన్లున్న మోటారు చాలు. కంటితో చూసేవాళ్లకు అదీ అక్కర్లేదు. హైదరాబాద్‌లో మేడ మీది నుంచే తీసేవాళ్ల సంగతి నేను గట్టిగా చెప్పలేను. సిమెంటు కప్పు అర్ధరాత్రి దాకా వేడి కక్కుతుంటే ఫోకస్ కంటే గాలే ముందు చెడగొడుతుంది.

కొనేటప్పుడు మాత్రం కప్లర్ ఏ రకమో, మీ ఫోకసర్ ఇరుసు గుండ్రమో చదునో అడిగి మరీ కొనండి. తమ గొట్టం నిజంగా ఎక్కడుందో చూసి చెప్పే ఎన్‌కోడర్ ఉన్న ఫోకసర్లు కూడా ఉన్నాయి. ధర చూస్తే నా టెలిస్కోప్ అంత ఉంది. బాలానగర్ కప్లర్ పట్టు వదిలేదాకా నేను అటు చూడను.