నేలపట్టా, పులికాటా? ముందు వాన సంగతి చూడండి

అక్టోబరు రాగానే నాకు ఫోన్లు మొదలవుతాయి. "ఆదివారం పిల్లల్ని తీసుకుని పక్షులు చూడ్డానికి వెళ్దామనుకుంటున్నాం, నేలపట్టు మేలా, పులికాట్ మేలా?" సూళ్లూరుపేట దగ్గరి పక్షుల చెరువు నేలపట్టుకూ, పులికాట్ సరస్సుకూ మధ్య కారులో అరగంటే కదా, రెండూ చూసి రమ్మంటే మధ్యాహ్నం భోజనానికి ఇంట్లో ఉండాలంటారు. సరే, ఒక్కటే చూడాలంటే ఏది?

అందరూ ఏ నెలలో వెళ్లాలని అడుగుతారు. నేను మాత్రం ఆ ఏడు వాన ఎంత పడిందని అడుగుతాను. ఒకే వాన ఈ రెండు చోట్లా రెండు రకాలుగా పనిచేస్తుంది మరి.

నేలపట్టు చెరువు నిండాలి. నీళ్లలో నిలబడి ఉండే కడప చెట్ల మీదే గూడబాతులు (పెలికాన్లు) గూళ్లు కడతాయి. చెట్టు చుట్టూ నీళ్లుంటే కింది నుంచి పిల్లుల్లాంటివి ఎక్కిరావు. చెరువు ఎండిన ఏడు గూళ్లు పలచబడిపోతాయి. పులికాట్ సంగతి తిరగేసి చెప్పుకోవాలి. అక్కడ నీళ్లు తగ్గాలి. ఫ్లెమింగో నాలుగడుగుల పైన ఎత్తుండే పక్షే గానీ, తల కిందులుగా పెట్టి అడుగు బురదను ముక్కుతో వడగట్టుకుని తింటుంది. కాళ్లు ఆనేంత లోతుంటేనే దానికి తిండి. చిన్నచిన్న ఉల్లంకి పిట్టలకైతే ఆ మాత్రం నీళ్లు కూడా ఉండకూడదు, తడి బురద తేలాలి. ఈశాన్య రుతుపవనాల వానకు, కాళంగి నుంచి వచ్చే నీటికి సరస్సు నిండిపోయిందంటే ఇవన్నీ చెల్లాచెదురవుతాయి.

ఇది నాకు అనుభవం మీద తెలిసింది. ఒక నవంబరులో వాయుగుండం వెళ్లిన నాలుగో రోజు మా అక్క పిల్లల్ని గొప్పగా పులికాట్ తీసుకెళ్లాను. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డుకు రెండు పక్కలా సముద్రంలా నీళ్లు. ఎక్కడో దూరంగా ముగ్గుపిండితో గీసినట్టు ఒక తెల్లటి గీత. "మామయ్యా, ఇవేనా ఫ్లెమింగోలు? గులాబీ రంగు అన్నావుగా!" అంది చిన్నది. వాటి రంగంతా రెక్కల లోపలే ఉంటుందని, ఎగిరితే కనపడుతుందని సర్దిచెప్పాను. అవి ఆ పూట ఎగరలేదు. ఆ రోజు నేలపట్టుకు వెళ్లి ఉంటే పరువు దక్కేది.

కాబట్టి నవంబరులో, డిసెంబరు మొదట్లో వెళ్లేవాళ్లకు నేను నేలపట్టే చెబుతాను. దొరవారిసత్రం దగ్గర హైవే దిగితే వచ్చేస్తుంది. 1976 నుంచీ రక్షిత కేంద్రం. కట్ట మీద నడుస్తూ, వాచ్‌టవర్ ఎక్కి చూడవచ్చు. కొమ్మలు పక్షుల రెట్టతో సున్నం కొట్టినట్టుంటాయి, గాలి ఇటు తిరిగితే చేపల కంపు. గూడబాతు పుల్లలు మోసుకొచ్చి గూడు సర్దుకోవడం బైనాక్యులర్ లేకుండానే కనిపిస్తుంది. జనవరికల్లా పిల్లలు తల్లి గొంతు సంచిలోకి తల దూర్చి చేప లాక్కుంటుంటాయి. చిన్నపిల్లలున్న ఇంటికి ఇంతకన్నా మంచి చోటు లేదు. నత్తగుల్ల కొంగలూ నీటికాకులూ కంకణాలూ ఎటూ ఉంటాయి.

అయితే ఒక్క మాట. "సైబీరియా నుంచి వచ్చాయట కదా" అని అందరూ గూడబాతుల్ని చూపించి అంటారు. అవి మన దేశపు పక్షులే. వానలూ చేపలూ చూసుకుని చెరువు నుంచి చెరువుకు మారతాయి, అంతే. నిజంగా ఉత్తర ధ్రువం దాపు నుంచి వచ్చేది లిటిల్ స్టింట్ లాంటిది. పిచ్చుకంత ఉంటుంది, బరువు పాతిక ముప్ఫై గ్రాములు. పులికాట్ బురదలో కుట్టుమిషన్ సూదిలా ముక్కు ఆడిస్తూ పరుగులు పెడుతుంటుంది, కార్లలో వచ్చినవాళ్లెవరూ దాన్ని పట్టించుకోరు. వలస పక్షి అంటే నా మనసు అటే లాగుతుంది. పైగా ఆ గూడబాతులు కూడా పిల్లల మేతకు పులికాట్‌కే వెళ్తాయి. కాపురం నేలపట్టులో, కంచం పులికాట్‌లో.

అందుకే జనవరిలో అడిగితే ఆలోచించకుండా పులికాట్ అంటాను. పొద్దున ఎనిమిదిలోపు సూళ్లూరుపేట దాటండి. ఆ రోడ్డు దాదాపు పడమర నుంచి తూర్పుకు పోతుంది, చలికాలం ఎండ దక్షిణం వైపు నుంచి పడుతుంది. అంటే వెళ్లేటప్పుడు ఎడమ చేతి వైపు పక్షులు రంగులతో కనిపిస్తాయి, కుడి వైపువి నల్లటి నీడల్లా ఉంటాయి. బండి పూర్తిగా పక్కకు తీసి ఆపండి, షార్ (శ్రీహరికోట అంతరిక్ష కేంద్రం) బస్సులు వేగంగా వస్తాయి. కారు తలుపు దబీమని వేయకండి. ఫ్లెమింగోలు లేచిపోతే ఆ ఎరుపూ నలుపూ చూడ్డానికి అద్భుతమే గానీ, వాటి మేత పాడు. వాటంతట అవి లేచేదాకా ఆగండి, లేస్తాయి.

ఫ్లెమింగో ఫెస్టివల్ రోజుల్లో వెళ్లవచ్చా అని కూడా అడుగుతుంటారు. 2025లో జనవరిలో జరిగింది. స్టాళ్లూ పాటలూ కావాలంటే వెళ్లండి, పక్షుల కోసమైతే తర్వాతి వారం.

విజయవాడ, ఏలూరు వాళ్లు ఇంత దూరం రానక్కర్లేదు. కొల్లేరులో కైకలూరు పక్కన ఆటపాక ఉంది, గూడబాతుల్ని చూడ్డానికి పడవ కూడా. గుంటూరు వాళ్లకు ఉప్పలపాడు చెరువు, గంటలో అయిపోతుంది.

ఈ ఏడు నా లెక్క అడిగితే, మా వైపు వాన ఆలస్యంగా మొదలై ఒక్కసారిగా కురిసింది. డిసెంబరు మొదటి ఆదివారం నేలపట్టు. పులికాట్ మాత్రం సంక్రాంతికి వచ్చిన చుట్టాలు వెళ్లిపోయాక. చిన్నదాన్ని కూడా తీసుకెళ్లాలి, ఆ గులాబీ రంగు బాకీ ఇంకా అలాగే ఉంది.