‘పైపులో రాపిడి తగ్గించే పొడి’ కొనేముందు ఒక్క నిమిషం ఆగండి

చీనీ (బత్తాయి), దానిమ్మ తోటలకు దూరం నుంచి నీళ్లు తోలుకునే రైతులందరూ దయచేసి చదవండి. ఊళ్లలో తిరుగుతూ ఒక తెల్ల పొడి అమ్ముతున్నారు. తొట్టిలో వేస్తే పైపు లోపల పూత పడి, రాపిడి తగ్గి, నీళ్లు 40 శాతం ఎక్కువ పారతాయట. ఐదు కిలోల బకెట్ సీజనంతా వస్తుందట. నేను రెండు బకెట్లు కొన్నాను, 13,600 రూపాయలు.

మాది అనంతపురం జిల్లా. బోరు నీళ్లు తొట్టిలో పడతాయి. అక్కడి నుంచి మోనోబ్లాక్ మోటారుతో 1,200 మీటర్ల దూరంలో, మెరక మీదున్న తోటకు ఎక్కించాలి. పగలు కరెంటు ఉండే తొమ్మిది గంటల్లోనే తోటంతా తడవాలి. అందుకే ఆశపడ్డాను.

వాళ్లు చెప్పినట్టే తొట్టిలో చల్లాను. పొడి కరగలేదు. ఉబ్బి, ఉడికిన సగ్గుబియ్యంలా ముద్దలు కట్టింది. వేళ్లతో పట్టుకుంటే బెండకాయ జిగురులా మూరెడు తీగ సాగింది. రెండో రోజుకు డ్రిప్పు ఫిల్టరు ముందున్న ప్రెషరు గేజీ రెండున్నర కిలోలు చూపిస్తుంటే, తర్వాతది ఒక కిలో కూడా చూపలేదు. ఫిల్టరు లోపలి డిస్కులు విప్పి చూస్తే మధ్యమధ్య కలబంద గుజ్జు పూసినట్టుంది. చివరి నాలుగు వరుసల చెట్ల కింద మట్టి తడవనే లేదు. ఆ డ్రిప్పర్లన్నీ మార్చాల్సి వచ్చింది. తొట్టి గట్టు మీద పొడి ఒలికిన చోట మా ఆవిడ కాలు జారి పడింది. తడి తగిలితే అది అంత జారుడు.

మా మేనల్లుడు చమురు పైపులైను పంపింగ్ స్టేషన్లో పనిచేస్తాడు. ఫోన్ చేస్తే మొదట అడిగింది, "మామా, మోటారుకు ముందు వేశావా, తర్వాతా?" అని. అసలు సంగతి అక్కడే ఉంది. ఈ విద్య అబద్ధం కాదు. టామ్స్ అనే శాస్త్రవేత్త 1948లోనే దీన్ని బయటపెట్టాడు. అలాస్కా చమురు పైపులైనులో 1979 నుంచి వాడారు. ద్రవం వేగంగా పారేటప్పుడు పైపు గోడ దగ్గర లేచే సుడులను మందులోని పొడవాటి పాలిమర్ గొలుసులు (దారాల్లాంటి పెద్ద అణువులు) అణిచేస్తాయి. పూత గీత ఏమీ ఉండదు, ద్రవంలో మందు ఉన్నంతసేపే పని. పంపు రెక్కల్లో పడితే ఆ గొలుసులు తెగిపోతాయి. అందుకే చమురు కంపెనీలు పంపు దాటాక ఎక్కిస్తాయి, మళ్లీ పంపు వస్తే మళ్లీ ఎక్కిస్తాయి. నాకేమో తొట్టిలో వేయమన్నారు!

ఇక లెక్క చూడండి. మా మోటారు సెకనుకు నాలుగు లీటర్లు తోస్తుంది, తొమ్మిది గంటలకు దాదాపు లక్షా ముప్పై వేల లీటర్లు. పది లక్షల లీటర్లకు 20 కిలోల చొప్పున వేసినా రోజుకు రెండున్నర కిలోలు కావాలి. అంటే సీజనంతా వస్తుందన్న బకెట్ రెండు రోజులకే అయిపోతుంది. పైగా మా మోటారు మీద పడే మొత్తం బరువు (హెడ్ అంటారు, నీటి ఎత్తులో కొలుస్తారు) 50 మీటర్లయితే, అందులో పైపు రాపిడి ఎనిమిది తొమ్మిది మీటర్లే. మిగతాది మెరక ఎక్కించడానికి, డ్రిప్పుకు కావాల్సిన ప్రెషరుకు పోతుంది. మందు నిజంగా పనిచేసి రాపిడి సగానికి తగ్గినా 40 శాతం నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి? అదే 90 ఎంఎం బదులు 110 ఎంఎం పైపు వేసుంటే ఏ మందూ లేకుండానే రాపిడి మూడో వంతుకు దగ్గరగా పడిపోయేది.

నాకు ఇంకా భయంగా ఉన్నది వేరే. బకెట్ మీద ‘నానో పాలిమర్’ అని తప్ప లోపల ఏముందో రాయలేదు. ఇలాంటి వాటిలో ఎక్కువగా వాడేది పాలీఅక్రిలమైడ్. నాసిరకం సరుకులో దాని ముడిసరుకైన అక్రిలమైడ్ మిగిలిపోతుంది, అది నరాలకు విషం. తాగే నీటిలో లీటరుకు 0.5 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మా గేదెలు ఆ తొట్టిలోనే తాగుతాయి, కూలీలు అక్కడే బాటిళ్లు నింపుకుంటారు. తొట్టి మొత్తం ఖాళీ చేసి, రెండుసార్లు కడిగించాను.

అమ్మినవాళ్లు డబ్బులు వెనక్కి ఇచ్చేది లేదంటున్నారు, "మీరు సరిగ్గా కలపలేదు" అంటున్నారు. బిల్లు అడిగితే తెల్ల కాగితం మీద రాసిచ్చారు. మీ దగ్గరికి వస్తే మందు పేరు, సేఫ్టీ షీటు, వెయ్యి లీటర్లకు ఎన్ని గ్రాములు, జీఎస్టీ బిల్లు అడగండి. ఇవ్వకపోతే కొనొద్దు. ఇప్పటికే కొన్నవాళ్లుంటే పశువులు తాగే తొట్టిలో మాత్రం వేయకండి. రెండో బకెట్ సీలు తీయకుండా అలాగే ఉంచాను, సోమవారం మండల వ్యవసాయ అధికారి దగ్గరికి తీసుకెళ్తున్నాను.