జాగ్రత్త: గండికోట ‘నౌకల నిధివేట’ కిట్‌లో లెక్కే తప్పు

కడప, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు వాళ్లకు ఆన్‌లైన్‌లో ఒక నిధివేట కిట్ ప్రకటన కనిపిస్తూ ఉండవచ్చు. నౌకల పజిల్ పూర్తిచేస్తే గండికోటలో దాచిన జియోక్యాష్ పెట్టె (అక్షాంశ రేఖాంశాల అంకెలు పట్టుకుని ఫోనుతో వెతికే పెట్టె) జాడ తెలుస్తుందట. మా అక్క కొడుకు కోసం పన్నెండు వందలు పోసి తెప్పించాను. మీరు మాత్రం కొనకండి.

పజిల్ జాతి మంచిదే. 1980లలో అర్జెంటీనాలో పుట్టింది. పదికి పది గళ్లలో నౌకలు ఎక్కడున్నాయో కనిపెట్టాలి. నాలుగు గళ్ల యుద్ధనౌక ఒకటి, మూడు గళ్ల క్రూయిజర్లు రెండు, రెండు గళ్ల డిస్ట్రాయర్లు మూడు, ఒక్కో గడి జలాంతర్గాములు నాలుగు. ఏ నౌకా మరో నౌకకు మూలనైనా తగలకూడదు. ఏ వరుసలో ఎన్ని గళ్లు నిండాలో అంచున అంకె ఉంటుంది. నిండేవి మొత్తం 20 గళ్లు కాబట్టి అడ్డువరుసల అంకెలు కూడినా 20 రావాలి, నిలువువరుసలవి కూడినా 20 రావాలి. ఈ కిట్‌లో అడ్డంగా 20, నిలువుగా 21! ఎంతటి మేధావి కూర్చున్నా తేలదు. అడిగితే, “కఠిన స్థాయి అండీ, బాబును ఇంకొంచెం ఆలోచించమనండి” అన్నారు. వదలకుండా పట్టుకుంటే జవాబు ఫోటో పంపారు. అందులో డిస్ట్రాయర్ ఒకటి క్రూయిజర్ మూలకు ఆనుకునే ఉంది. తాము అచ్చువేసిన నియమాలు తామే చదవలేదన్నమాట.

వేరే ఊరైతే నవ్వి ఊరుకోవచ్చు. జలాంతర్గాములున్న చోటును బట్టే అక్షాంశ రేఖాంశాల చివరి అంకెలు వస్తాయి. అక్షాంశంలో నిమిషపు వందో వంతు మారితే చోటు దాదాపు 18 మీటర్లు జరుగుతుంది. గండికోటలో ఆ 18 మీటర్లు చాలు, నేల అయిపోయి లోయ మొదలవడానికి. వాళ్ల జవాబు ప్రకారం మ్యాపులో చుక్క పెన్నా లోయలోనే పడింది. పైగా అంకెలు డిగ్రీలు, నిమిషాల్లో ఉన్నాయని ఎక్కడా రాయలేదు. 14 డిగ్రీల 48.8 నిమిషాలను ఫోనులో 14.488 అని కొడితే చుక్క 36 కిలోమీటర్లు దక్షిణానికి పోతుంది.

ఇంకో ఘోరం: పెట్టె జానెడు లోతున పాతారట, తవ్వుకోవాలట. జియోక్యాషింగ్ నియమాల్లో పెట్టె కోసం గుంత తవ్వడం సాధారణంగా నిషిద్ధం. గండికోట పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కోట. గుప్తనిధుల తవ్వకాలతో విసిగిన మన సీమలో, చేతిలో గునపంతో కోటలో తిరిగే కుటుంబాన్ని చూసి ఎవరేమనుకుంటారో చెప్పాలా?

అసలు జియోక్యాషింగ్ ఆడడానికి కిట్ అక్కర్లేదు. జియోక్యాషింగ్ సైటులో ఉచిత ఖాతాతోనే చాలా పెట్టెలు వెతకవచ్చు. దొరికితే లోపలి పుస్తకంలో పేరు రాసి, పెట్టెను ఎక్కడిదక్కడ పెట్టేయాలి.

డబ్బు వాపసు ఇంకా రాలేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాను. అదే అమ్మకందారు ఓర్వకల్లు రాతివనం పేరుతో మరో కిట్ కూడా పెట్టాడు. కర్నూలు వాళ్లు డబ్బు కట్టకముందే పజిల్ ఫోటో అడిగి, రెండువైపులా అంకెలు కూడి చూడండి. ఇప్పటికే కొన్నవాళ్లు ఆ ఫోటోను, పెట్టె తవ్వమన్న కాగితాన్ని ఫిర్యాదుకు జతచేయండి.