ఎం35ఏ2 ట్రక్కుకు ఉక్కు పైకప్పు

అమెరికా సైన్యం వాడి వదిలేసిన నా ఎం35ఏ2 ట్రక్కుకు, డ్రైవరు క్యాబిన్ మీది కాన్వాసు కప్పు స్థానంలో బిగించేందుకు, మిషిగన్‌లోని ఒక పాత సైనిక సామగ్రి దుకాణంలో వాడిన ఉక్కు పైకప్పును కొన్నాను. రేకు మందంగా, సొట్టలు లేకుండా ఉంది. కొత్తవని చెప్పి ఇచ్చిన రబ్బరు పట్టీలు మాత్రం ఎండి పగిలినవే. ముందు అద్దం చట్రం కాస్త వంగి ఉన్నా బోల్టు రంధ్రాలు కలవవు కనుక, బోల్టులన్నింటినీ వదులుగా ఎక్కించి, కప్పును నాలుగు వైపులా సరిచూసుకున్న తరువాతే బిగించాలి. ఈ బరువుకు ఒక్క మనిషి చాలడు. వాన, చలిగాలి లోపలికి రావడం ఆగింది. కాన్వాసు ఉన్నప్పటిలా అద్దాన్ని బానెట్ మీదికి వాల్చడం ఇక కుదరదు, నాకైతే అది పెద్ద లోటు కాదు. అయితే ఆరు సిలిండర్ల మల్టీఫ్యూయల్ (పలు రకాల ఇంధనాలతో నడిచే) ఇంజిను మోత రేకుకు తగిలి మరింత గింగురుమంటున్నందున, లోపలి వైపు ఫోమ్ షీటు అతికించక తప్పలేదు. ఆ అవసరాన్ని దుకాణదారు ముందే చెప్పి ఉండవలసింది.