కారోకాన్‌ మీదికి దూకాలంటే ఏది మేలు: ఫాంటసీ, హెచ్4, పానోవ్?

తిరుపతిలో పిల్లల చెస్ టోర్నమెంట్లకు వెళ్తే ఇప్పుడు ఏ బోర్డు చూసినా సి6 కనిపిస్తోంది, అంటే వైట్ ఇ4 బంటుకు సి6 బంటుతో జవాబిచ్చే కారోకాన్ డిఫెన్స్. ఇ4 వేసి దూకుడుగా ఆడదామని కూర్చున్న పిల్లలకు అక్కడే ఉత్సాహం నీరుగారిపోతుంది. "అన్నా, వాడు కారోకాన్ వేస్తే గేమ్ కదలదు" అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. చెన్నై బస్సెక్కి అక్కడి టోర్నమెంట్లకు పోయేవాళ్లకైతే ఈ తలనొప్పి ఇంకా ఎక్కువ.

1.ఇ4 సి6 2.డి4 డి5 (ప్రతి అంకె పక్కన ముందు వైట్ ఎత్తు, తర్వాత బ్లాక్ ఎత్తు). ఫ్రెంచ్ డిఫెన్స్‌లో ఇ6 బంటు వెనక ఇరుక్కుపోయే బిషప్ ఇక్కడ చాలాసార్లు ముందే బయటికొచ్చేస్తుంది. బంట్లలో బలహీనత ఉండదు. బోట్విన్నిక్, కార్పోవ్ లాంటి ప్రపంచ ఛాంపియన్లు దీన్ని నమ్ముకున్నారంటే కారణం అదే. అలాగని దీన్ని పగలగొట్టలేమని కాదు. 1997 మేలో ఐబీఎం కంప్యూటర్ డీప్ బ్లూతో మ్యాచ్ ఆఖరి గేమ్‌లో అప్పటి ప్రపంచ ఛాంపియన్ కాస్పరోవ్ కారోకాన్ వేశాడు. కంప్యూటర్ ఎనిమిదో ఎత్తుకే ఇ6 దగ్గర గుర్రాన్ని బలి ఇచ్చింది, 19 ఎత్తుల్లో ఆట ముగిసింది. కానీ అది బ్లాక్ హెచ్6 తోసి తప్పు చేసినందుకు దొరికిన అవకాశం. ఎదుటివాడి తప్పు కోసం కాచుకుని ఓపెనింగ్ ఎంచుకోకూడదు. 3.గుర్రం సి3 తర్వాత బ్లాక్ ఇ4లో కొట్టి, మనం గుర్రంతో తిరిగి కొట్టాక, బ్లాక్ గుర్రాన్ని డి7కి తెస్తే 5.క్వీన్ ఇ2 వేసి, గుర్రాన్ని డి6లో పెట్టి ఆరో ఎత్తుకే మేట్ చేసే ట్రాప్ సంగతీ అంతే. తెలిసినవాడి ముందు ఆ క్వీన్ తన బిషప్‌కే అడ్డు.

వైట్‌కున్న దూకుడు దారుల్లో మొదటిది ఫాంటసీ, అంటే 3.ఎఫ్3. బ్లాక్ ఇ4లో కొట్టి, ఎఫ్ బంటు తిరిగి కొట్టాక ఇ5 తోస్తే ఆట భలే మజాగా ఉంటుంది. అక్కడ ఆశపడి ఇ5 బంటును కొట్టారో, క్వీన్ హెచ్4 చెక్, ఆపైన ఇ4లో చెక్‌తో రూక్ పోతుంది. గుర్రాన్ని ఎఫ్3కి తెస్తే వైట్‌కు ఎఫ్ లైన్ తెరుచుకుంటుంది, ఎఫ్7 మీద ఒత్తిడి వస్తుంది. చిక్కేమిటంటే, బ్లాక్ కొట్టకుండా నిదానంగా 3...ఇ6 వేస్తే ఆ దూకుడంతా చల్లబడుతుంది. గుర్రానికి రావాల్సిన ఎఫ్3 గడిలో బంటు కూర్చుని ఉంటుంది. తక్కువ టైమ్‌లో ఆడే రాపిడ్‌కు, బ్లిట్జ్‌కు ఫరవాలేదు. ఎక్కువ టైముండే క్లాసికల్‌లో నేను సలహా ఇవ్వను.

మాజీ ప్రపంచ ఛాంపియన్ టాల్ పేరు మీదున్న లైన్ 3.ఇ5 బిషప్ ఎఫ్5 4.హెచ్4. బ్లాక్ అలవాటుగా ఇ6 వేశాడా, జి4, ఎఫ్3, హెచ్5 వరసగా తోసుకుంటూ పోయి ఆ బిషప్‌ను జి6లో పట్టేయొచ్చు, బదులుగా దానికి దక్కేది సి2 బంటు ఒక్కటే. పిల్లలకు ఇది పిచ్చిగా నచ్చుతుంది, నాకూ నచ్చుతుంది. కానీ బ్లాక్ 4...హెచ్5 వేస్తే జి4 అంత సులభంగా రాదు. ఇక అక్కడి నుంచి స్థలం మీద, నల్లగళ్ల మీద ఓపికగా ఆడాలి. బ్లాక్ సి5 తోసి సెంటర్ తెరిచాడంటే, ముందుకు పోయిన బంట్ల వెనక మన రాజుకే టెన్షన్. 1961 ప్రపంచ ఛాంపియన్‌షిప్ రీమ్యాచ్‌లో 3.ఇ5తో బోట్విన్నిక్ మీదికి వెళ్లిన టాల్ చివరికి 13-8తో ఓడాడు. ఓపెనింగ్ ఒక్కటే కారణమని అనను గానీ, టాల్ చేతిలో ఉన్నా ఈ లైన్ తేలిగ్గా పండేది కాదు.

నా ఓటు పానోవ్‌కే. 3.ఇ×డి5 సి×డి5 4.సి4 (× అంటే కొట్టడం). సి4 బంటు మారిపోయాక, పక్క లైన్లలో తోడు లేని ఒంటరి బంటు డి4లో మిగులుతుంది. దాన్ని బలహీనత అని చెప్పి పిల్లల్ని భయపెడతారు. ఎండ్‌గేమ్‌లో అది నిజమే. పావులన్నీ బోర్డు మీదున్నంతసేపు మాత్రం ఆ బంటే ఇ5 గడిని మన గుర్రానికి ఇస్తుంది. బిషప్ సి2లో, క్వీన్ డి3లో నిలబడి హెచ్7 వైపు చూస్తుంటాయి. రూక్ ఇ1కి వస్తుంది. బ్లాక్ బి6, బిషప్ బి7 వేసి, ఏమరుపాటున రూక్‌ను ఇ8కి జరిపితే మనం డి5 తోయాలి! బ్లాక్ అక్కడ కొడితే మన బిషప్ జి5. రాజు కాక హెచ్7ను కాపాడుతున్నది ఎఫ్6 గుర్రమొక్కటే, దాన్నే కొట్టబోతున్నాం. బ్లాక్ జి6తో తలుపు మూస్తే, రూక్‌తో ఇ7 బిషప్‌ను కొట్టి, బ్లాక్ క్వీన్ ఆ రూక్‌ను కొట్టాక సి3 గుర్రంతో డి5లో కొట్టాలి. క్వీన్‌కూ ఎఫ్6 గుర్రానికీ ఒకేసారి ఎసరు. ఇది బట్టీ పట్టే సంగతి కాదు, కారణం అర్థమైతే బోర్డు మీదే దొరుకుతుంది. ఇదే ఒంటరి బంటు క్వీన్స్ గాంబిట్ యాక్సెప్టెడ్, నిమ్జోఇండియన్ అనే వేరే ఓపెనింగుల్లోనూ వస్తుంది. స్కూలు, ట్యూషన్ల మధ్య రోజుకు గంట చెస్‌కు దొరకడమే కష్టమైన పిల్లాడికి ఇంతకన్నా గిట్టుబాటు చదువు లేదు.

పానోవ్‌లోనూ ఒక లోటుంది. 4...గుర్రం ఎఫ్6 5.గుర్రం సి3 గుర్రం సి6 6.గుర్రం ఎఫ్3 బిషప్ జి4 వస్తే, క్వీన్ బి3 దారిలో క్వీన్లు మారిపోయి ఎండ్‌గేమ్‌లో తేలుతాం. దాడి కోసం పానోవ్ ఎంచుకున్నవాడికి అది నీరసమే. అందుకని ఆరో ఎత్తులో గుర్రాన్ని ఆపి బిషప్‌ను జి5కి తెమ్మంటాను, జి4 నుంచి కట్టేయడానికి ఎఫ్3లో గుర్రమే ఉండదు. అక్కడ బ్లాక్ సి4 బంటును కొడితే ఏం చేయాలో మాత్రం టోర్నమెంట్‌కు పోయే ముందు చూసుకోవాలి, ఇంట్లోనే రెండు వైపులా నాలుగైదు గేములు ఆడి చూస్తే చాలు.