245 పౌండ్ల బ్యాగ్‌పైపు

స్కాట్లాండ్‌లో ఎడిన్‌బరో వెళ్లేవాళ్లకు ముందే చెప్తున్నా. రాయల్ మైల్ వీధిలో కిల్టు బొమ్మలూ ఫ్రిజ్ మాగ్నెట్లూ అమ్మే కొట్లో బ్యాగ్‌పైపు (సంచీలోకి గాలి ఊది వాయించే వాయిద్యం) కొనకండి. గోడకు తగిలించుకోవడానికైతే మీ ఇష్టం. పిల్లలు నేర్చుకోవడానికి మాత్రం వద్దే వద్దు. మా మేనల్లుడికి జరిగింది కళ్లారా చూశాను, కోపం ఇంకా చల్లారలేదు.

మా అక్కావాళ్లు గ్లాస్గోలో ఉంటారు. మేనల్లుడు స్కూలు పైప్ బ్యాండులో చేరి, ఏడాదికి పైగా ప్రాక్టీస్ చాంటర్ మీద వేళ్లు కుదుర్చుకున్నాడు. సంచీ లేని చిన్న గొట్టం అది, అందరూ దాంతోనే మొదలుపెడతారు. ఇక అసలు పైపులు పట్టుకోవచ్చని వాళ్ల మాస్టారు అన్నారట. మేం ఆగస్టులో దిగేసరికి ఇంట్లో ఎప్పుడూ ఇదే మాట.

ఎడిన్‌బరోలో అప్పుడు ఫెస్టివల్ రోజులు. రాత్రికి 172 పౌండ్లు పోసి తీసుకున్న అటక గదిలో నిటారుగా నిలబడితే నెత్తి కప్పుకి కొట్టుకునేది. పొద్దున్న ఏడు దాటితే వేడినీళ్లు బంద్. మా ఆవిడ రెండోరోజు నుంచీ ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. గ్లాస్గోలో బస చేసి రైల్లో వచ్చిపోవడం ఎంతో మేలు: రానూపోనూ మనిషికి 16.80 పౌండ్లు, ఒకవైపు 50 నిమిషాలు. కోట బాగుంది, ఆర్థర్స్ సీట్ కొండెక్కాం, వాన పడలేదు. శాకాహార హాగిస్ (అక్కడి సంప్రదాయ వంటకం, మాంసం లేకుండా చేసింది) మాత్రం మా ఆవిడకి తెగ నచ్చింది, 14.50 పౌండ్లకి కడుపు నిండింది.

మేం కోట దగ్గర క్యూలో ఉండగా బావగారు ఆ కొట్లోకి వెళ్లారు. పిల్లాడికి చెప్పకుండా కొనాలని ఆయన సరదా. 245 పౌండ్లు, మన లెక్కలో 28 వేల దాకా. ఎర్రటి రాయల్ స్టూవర్ట్ టార్టన్ (గళ్ల గుడ్డ) తొడుగు, తళతళలాడే రింగులు, నేర్చుకునే పుస్తకం, పెట్టె. బిల్లు మీద ‘చేత్తో చేసిన స్కాటిష్ పైపులు, బ్లాక్‌వుడ్’ అని అచ్చేసి ఉంది. తర్వాత మమ్మల్ని గట్టెక్కించింది ఆ కాగితమే.

ఇంటికొచ్చాక మేనల్లుడు ఊదీ ఊదీ మొహం కందిపోయింది. అతుకుల్లోంచి గాలి బుస్సుమని పోతోంది. డ్రోన్లంటే ఒకే స్వరం ఆగకుండా పట్టే గొట్టాలు; ఆ మూడింట్లో ఒకటి పలకనే లేదు, రెండోది పలికి ఆగిపోయింది. “మామయ్యా, ఏడాది నేర్చుకున్నా నాకు రావట్లేదేంటి?” అన్నాడు. నాకు ఒళ్లు మండింది అక్కడే. డబ్బు ఇవాళ పోతే రేపు సంపాదించుకుంటాం. లోపం వాయిద్యంలో ఉంటే పిల్లాడు తనలో ఉందనుకుంటున్నాడు. ఇలా ఎంతమంది మానేసి ఉంటారో!

మర్నాడు మాస్టారి దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన వాయించి చూడనైనా లేదు. ముందు డ్రోను చేతిలో పెట్టుకుని బరువు చూశారు. తర్వాత తన సొంత డ్రోను నా చేతికిచ్చారు. దాదాపు అదే సైజు, కానీ బరువులో పోలికే లేదు. అసలు బ్లాక్‌వుడ్ టాంజానియా, మొజాంబిక్ అడవుల నుంచి వస్తుంది, నీళ్లలో వేస్తే మునిగిపోయేంత బరువైన కర్ర. తడి గుడ్డతో మాది తుడిస్తే గుడ్డకి నల్లరంగు అంటింది. లేతరంగు కర్రకి పూసిన రంగు అది. డ్రోను విప్పి కిటికీ వైపు పెట్టి లోపలికి చూడమన్నారు. ఆయనది అద్దంలా నున్నగా, తిన్నగా ఉంది. మాదాంట్లో పీచు లేచి ఉంది, రంధ్రం ఒక పక్కకి ఒరిగింది. పైన చెక్కిన సన్నటి గాడులు కూడా తేడానే: మంచి పనివాడివి వేలితో రాస్తే గీతగీతా తెలుస్తుంది, దీనిమీద రంగు పేరుకుని పూడిపోయాయి. పేరున్న తయారీదారులు సాధారణంగా చాంటర్ (వేళ్లతో పాట పలికించే గొట్టం) మీద తమ ముద్ర వేస్తారు, దీనిమీద ఏ పేరూ లేదు. చివరికి గొట్టాలు దిగే రంధ్రాలన్నీ బిరడాలతో మూసి సంచీ నిండా ఊదారు. మంచి సంచీ అయితే చంకలో నొక్కినా గట్టిగా నిలబడాలి. ఇది చూస్తుండగానే చప్పబడిపోయింది.

ఇలాంటివి చాలామటుకు పాకిస్తాన్‌లోని సియాల్‌కోట్ నుంచి వస్తాయి, ఇరుగుడు జాతి శీషం కర్రతో చేస్తారు. అక్కడి పనివాళ్లని తప్పుపట్టను. చవగ్గా చెయ్యమంటే చవగ్గా చేశారు. వాటికి స్కాట్లాండ్ పేరు తగిలించి అమ్మేవాడిది మోసం. అలాగని ప్లాస్టిక్ అనగానే నకిలీ అనుకోకండి. మంచి తయారీదారుల ప్లాస్టిక్ పైపులు వానకి తడిసినా పగలవు, శ్రుతిలో పలుకుతాయి, నేర్చుకునేవాళ్లకి చక్కగా సరిపోతాయి.

వాపసు ఇవ్వడానికి బావగారితో నేనూ వెళ్లాను. కొట్టువాడు పెట్టె తెరవనైనా తెరవలేదు. నోటితో ఊదినవి తీసుకోం, ఆరోగ్య నిబంధన అన్నాడు. మా అక్క ఫోన్‌లోనే వాడికి వినిపించింది: చెప్పిన సరుకు కాకపోతే 30 రోజుల్లోగా తిప్పి ఇచ్చి డబ్బు తీసుకునే హక్కు 2015 నాటి వినియోగదారుల హక్కుల చట్టంలో ఉందని. వాడు మా వెనక ఉన్న టూరిస్టులకి స్కార్ఫులు చూపించడం మొదలుపెట్టాడు. బావగారు తిరుగు రైల్లో కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు, టీ కూడా వద్దన్నారు. ఆయన క్రెడిట్ కార్డుతో కొనడం మంచిదైంది. అక్కడ 100 పౌండ్లు దాటి 30 వేల లోపు వస్తువైతే కార్డు బ్యాంకుకీ బాధ్యత ఉంటుంది. బిల్లు, మాస్టారు రాసిచ్చిన కాగితం, ఫోటోలు పంపితే మొత్తం వెనక్కి వచ్చింది. నగదు ఇచ్చి ఉంటే గోవిందా.

ఆ వీధిలో నిజాయితీగా అమ్మేవాళ్లు లేరనను. కానీ కొనేముందు గ్లాస్గోలో కౌకాడెన్స్ దగ్గరున్న నేషనల్ పైపింగ్ సెంటర్‌కి వెళ్లండి. అక్కడి మ్యూజియంలో ఇయాన్ డాల్ మెకాయ్ అనే అంధ పైపర్ వాయించిన చాంటర్ ఉంది, హైలాండ్ పైపు చాంటర్లలో మిగిలినవాటిలో అదే అతి పాతదంటారు. అరిగిన ఆ రంధ్రాల్ని మేనల్లుడు అద్దానికి ముక్కు ఆనించి చూశాడు. మన వీధి భాగోతాల్లో శ్రుతికి ఊదే తోలు తిత్తి గురించి వాడికి చెప్పాను. దానిదీ డ్రోన్ల పనే, ఒకే స్వరం ఆగకుండా పట్టడం. వెంటనే వీడియో ఉందా అని అడిగాడు.

కొత్త సెట్టుకి వెయ్యి పౌండ్లకి అటూ ఇటూ సిద్ధపడాలి. మేం మాస్టారిని వెంటబెట్టుకుని వాడిన బ్లాక్‌వుడ్ సెట్టు 720 పౌండ్లకి తీసుకున్నాం. కొత్త సంచీకీ రీడ్లకీ (గాలికి అదిరి పలికే సన్నటి నాలుకలు) మరో 160 అయింది. మీరూ ఊదడం వచ్చినవాళ్లని వెంట తీసుకెళ్లండి. డ్రోను విప్పి చూపించనన్న కొట్టు అయితే అక్కణ్నుంచే వెనక్కి తిరగండి.