నాగావళి వంతెన మీద సైకిల్: పిట్టగోడ పక్క మీటరు సంగతి

శ్రీకాకుళంలో నాగావళి వంతెన మీద సైకిల్‌కు, నడకకు మిగిలేది పిట్టగోడ పక్కన ఒక మీటరు జాగా. ఏళ్ల తరబడి ఎండలోనూ వానలోనూ రెండు పూటలా వాడాక చెప్తున్నాం: నడిమధ్య రోడ్డు ఎంత నున్నగా ఉన్నా, ఆ మీటరు బాగుంటేనే వంతెన బాగున్నట్టు.

ముందు జాయింట్లు. కాంక్రీటు ఎండకు సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది. 20 మీటర్ల దూలం 30 డిగ్రీల తేడాకి సుమారు 7 మిల్లీమీటర్లు కదులుతుంది. అందుకే దూలానికీ దూలానికీ మధ్య సందు వదిలి, రబ్బరుతో మూస్తారు. అదే జాయింటు. పుష్యమాసం పొద్దున అది వెడల్పుగా ఉంటుంది, వైశాఖం మధ్యాహ్నం ఇరుకవుతుంది. నడిమధ్యన రబ్బరు ఊడితే కార్లవాళ్లు గోల చేస్తారు, అంచున ఊడితే అడిగే నాథుడు లేడు. పాలక్యాన్లు కట్టే పాత సైకిల్ టైరు 40 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది కాబట్టి గడగడలాడినా దాటేస్తుంది. 23 మిల్లీమీటర్ల రేసు టైరు సందులో దిగబడుతుంది. ఏటవాలుగా ఎక్కొద్దు. హ్యాండిల్ తిన్నగా పట్టి, సీటు మీంచి కొంచెం లేచి దాటండి. గాలి తక్కువుంటే ట్యూబు రిమ్ముకీ జాయింటు అంచుకీ మధ్య నలిగి, పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. అలా జంటగా కనిపిస్తే ముల్లు కోసం వెతక్కండి, గాలి చూసుకోండి.

తర్వాత ఇసుక. ఏటిలోంచి వచ్చే ట్రాక్టర్ల నుంచి తడి ఇసుక రాలి, బండ్ల ఊపుకి అంచుకు చేరుతుంది. రెండు వేళ్ల మందం పేరుకుంటే చక్రం జారుతుంది. అక్కడ ముందు బ్రేకు అస్సలు పట్టొద్దు. అంతకన్నా పెద్ద చెరుపు, వాననీళ్లు దిగే గొట్టాలు ఆ ఇసుకతోనే పూడిపోవడం. గంట వానకే మడుగు కట్టేస్తుంది, జాయింటు నీళ్లకింద కనబడదు. తడి రిమ్ము మీద బ్రేకు రబ్బరు వెంటనే పట్టదు, చక్రం కొన్ని చుట్లు తిరగాలి. తొలకరికి ముందు ఇద్దరు మనుషులు పార, ఇనుప ఊచ పట్టుకుని పూడిక తీస్తే సరిపోయే పని ఇది. ఇంత చిన్న పని జరక్క జనం పడిపోతుంటే కడుపు రగులుతుంది.

ఒడిశాలో వానలు పడి, ఎగువన నాగావళి మీదున్న తోటపల్లి బ్యారేజీ గేట్లెత్తినప్పుడు, వరద చూసేవాళ్లతో ఆ మీటరు పూర్తిగా మూసుకుపోతుంది. దిగి నడిపించుకోవడమే.

ఒడ్డునున్న పార్కులను కలుపుతూ నడకకు, సైకిళ్లకు విడి వంతెన కావాలన్నది న్యాయమైన కోరిక. కడితే ఊగుడు ముందే లెక్కగట్టాలి. లండన్‌లో 2000లో తెరిచిన మిలీనియం నడక వంతెన జనం అడుగులకే పక్కలకు ఊగి, రెండు రోజులకే మూతపడింది. ఊగుడు ఆపే డ్యాంపర్లు బిగించి 2002లో మళ్లీ తెరిచారు. జాయింట్ల మీద గరుకు ఇనుప పలక వేయాలి. ఇక ర్యాంపు: 20 మీటర్ల పొడవుకి ఒక మీటరుకన్నా ఎక్కువ లేస్తే, వెనక గ్యాస్ బండ కట్టిన సైకిల్ తొక్కుకుంటూ ఎక్కదు, తోసుకుపోవాల్సిందే.